తన్ను తాను పరీక్షించుకొను బండి

మోటారు బండ్లను గూర్చి గృహిణుల శీర్షికలో వ్రాయుట యేమని కొందఱు నవ్వవచ్చును. నవ్వనిండు. పిల్లలను బడికి దింపుటకు, ముసలివారిని వైద్యునియొద్దకు తీసికొనిపోవుటకు, అంగడినుండి బియ్యపు బస్తా తెచ్చుటకు నేడు అనేక గృహములలో బండియే యాధారము. మన సోదరీమణు లెందఱో దానిని స్వయముగా నడుపుచున్నారు. నడుపనివారికి సయితము దాని మరమ్మతు ఖర్చు ఇంటి జమాఖర్చుల పుస్తకములో వ్రాయక తప్పుట లేదు. ఇక పొగ సంగతి. పొయ్యిపొగ కంటికి కనబడును, కన్ను మండును, ఇల్లాలు వెంటనే కిటికీ తెఱచును. బండి విడుచు వాయువులలో మిక్కిలి చెడ్డవి కంటికి కనబడవు. వానిలో నొకటి వాసనకు సయితము దొరకదు. కనబడని యీ శత్రువును కనిపెట్టుటకు కావలివాని నొకనిని బండిలోనే కూర్చుండబెట్టవలెనని ప్రభుత్వములు శాసించినవి. ఆ కావలివానిని గూర్చియే యీ నెల మా ప్రసంగము.

తాళపుచెవి త్రిప్పిన పిమ్మట, ఇంజను కదలకమునుపు, నడపువారి యెదుటి పలకపై చిన్న చిన్న దీపములన్నియు నొక్కసారి వెలుగుట మీరు చూచియే యుందురు. వానిలో ఇంజను బొమ్మ గల పసుపుపచ్చని దీప మొకటి కలదు. దానిని చెక్ ఇంజన్ దీప మందురు. ఇంజను కదలిన క్షణములలో అది ఆఱిపోవలెను. ఆఱనిచో బండి తనలో లోపమున్నదని చెప్పుచున్నదన్నమాట. ఇది చాలమందికి తెలిసినదే. తెలియనిది మఱొకటి కలదు: తాళము త్రిప్పినప్పు డది అసలు వెలుగకున్నను అనుమానింపవలెను. దీపమైన చెడియుండవలెను, లేక ఎవరో దానిని వెలుగకుండ చేసియుండవలెను. నోరు కట్టివేసిన కావలివాడు దొంగను జూచి కేక వేయలేడు గదా!

ఈ దీపమునకు పేరు పెట్టినవారు ఆడువారిని సంప్రదించియుండిన మఱికొంత వివరముగల పేరు పెట్టియుందురని మాకు తోచుచున్నది. 'ఇంజను చూడుడు' అన్నంతనే ఏమి చూడవలెనో, ఎచ్చట చూడవలెనో ఎవరికి తెలియును? అది ముఖ్యముగా పొగను శుద్ధి చేయు పరికరముల కొఱకు ఏర్పడిన దీపమని ఆ పేరువలన బోధపడదు. అందుచేతనే పలువురు బండి బాగుగానే నడచుచున్నది గదా యని నెలలతరబడి దానిని లక్ష్యపెట్టరు. బండి బాగుగా నడచుట వేఱు, శుభ్రముగా నడచుట వేఱు.

ఈ యేర్పాటు పుట్టినది అమెరికాదేశమున కాలిఫోర్నియా రాష్ట్రమందు. 1943 వ సంవత్సరపు వేసవిలో లాస్ ఏంజెలిస్ నగరము నొక దట్టమైన మబ్బు క్రమ్మి, జనుల కన్నులనుండి నీరు కార్చినది. అది యుద్ధకాలము, శత్రువులు విషవాయువు విడిచిరేమో యని భయపడినవారును కలరు. ఫ్యాక్టరీలదే తప్పని మఱికొందఱు వాదించిరి. పిదప 1950 ప్రాంతమున హాగెన్-స్మిట్ అను శాస్త్రజ్ఞుడు ఈ చిక్కు విడదీసెను. హాలెండులో జన్మించిన యీయన అంతవఱకు అనాసపండు రుచికి, వాసనకు కారణమేమని పరిశోధించుచుండినవాడు. బండ్లు విడుచు కాలీకాలని పెట్రోలు ఆవిరులును, నత్రజని ఆక్సైడులును సూర్యరశ్మిలో కలిసి ఓజోను అను ఘాటైన వాయువుగా మాఱుచున్నవని ఆయన తేల్చెను. ఆకాశమున మిక్కిలి యెత్తున నుండి మనలను కాపాడు ఓజోనే నేలమీద పుట్టినచో ఊపిరితిత్తులకు శత్రువు. కాలిఫోర్నియా ప్రభుత్వము వాయుసంరక్షణకై మండలి నేర్పఱచినపుడు, 1968 లో దానికి మొదటి యధ్యక్షుడైనవాడు ఈ హాగెన్-స్మిట్టే.

ఆ పిమ్మట 1975 నుండి అమెరికాలో క్రొత్త కార్ల పొగగొట్టములలో కెటాలిటిక్ కన్వర్టరు అను పరికరము చేఱినది. మనదేశమున 1995 ఏప్రిల్ నుండి ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరములలో క్రొత్త పెట్రోలు కార్లకు దీనిని విధించిరి. సీసము కలిసిన పెట్రోలు దీనికి విషము; అట్టి పెట్రోలును 2000 వ సంవత్సరమున దేశమంతట మాన్పించిరి. అయితే పరికరము పెట్టినంతమాత్రమున సరిపోదు. అది పనిచేయుచున్నదా, చచ్చియున్నదా? ఏడాది కొకసారి పొగగొట్టమున సాధనము పెట్టి చూచు నధికారికి ఆ యొక్క దినపు సంగతియే తెలియును. మిగిలిన దినముల మాట? అందుచేత కాలిఫోర్నియావారు 1988 నమూనా బండ్లనుండి, బండి తనను తానే పరీక్షించుకొనవలెనని నియమము చేసిరి. అది మొదటి మెట్టు. రెండవ మెట్టు, చాల కఠినమైనది, 1996 నమూనానుండి అమెరికాలోని కార్లన్నింటికిని వచ్చినది. దీనిని ఓబీడీ యని పొడియక్షరములతో వ్యవహరింతురు. మనదేశమున కార్లకు దీని మొదటి మెట్టు 2010 ఏప్రిల్ లోను, రెండవది 2013 ఏప్రిల్ లోను అమలైనవి. ఈ తేదీలు ముందు ముందు పాతబండి కొనువారి కుపయోగించును గనుక వ్రాసితిమి.

ఇక లోపలి పనితనము చూతము. కన్వర్టరును చీల్చి చూచిన అందులో తేనెపట్టువలె సన్నని రంధ్రములు గల పింగాణి దిమ్మ యుండును. ఆ రంధ్రముల గోడలకు ప్లాటినము, పల్లాడియము, రోడియము అను విలువగల లోహముల పూత పూసియుందురు. (బంగారపు దుకాణమున కొనదగిన సొత్తు పొగగొట్టములో నుండుటచేతనే కొన్ని దేశములలో దొంగలు రాత్రివేళ బండిక్రింద దూరి దీనిని కోసికొనిపోవుచున్నారు.) ఇంజనునుండి వచ్చు కార్బన్ మోనాక్సైడును, కాలక మిగిలిన యావిరులను, నత్రజని ఆక్సైడులను ఈ లోహములు బొగ్గుపులుసు వాయువుగను, నీటియావిరిగను, మామూలు నత్రజనిగను మార్చును. ఈ పని జరుగుటకు దిమ్మ బాగుగా కాగవలెను. సుమారు 300 డిగ్రీల వేడి లేనిదే అది మేల్కొనదు. చల్లని బండి బయలుదేఱిన మొదటి నిమిషములలో ఎక్కువ మురికి విడుచుటకు ముఖ్యకారణ మిదియే.

ఈ దిమ్మ బ్రదికియున్నదో లేదో కనిపెట్టుటకు చేసిన యుపాయము మాకు మిక్కిలి నచ్చినది. దిమ్మకు ముందొకటి, వెనుకనొకటి ఆక్సిజన్ సెన్సారులను అమర్చుదురు. పొగలో ప్రాణవాయువు మిగిలియున్నదా, లేదా యని ఇవి వాసన చూచుచుండును. బండిలోని చిన్న కంప్యూటరు ఒక పాలు పెట్రోలునకు ఇంచుమించు 14.7 పాళ్లు గాలి తూకమున వచ్చునట్లు దిద్దుచుండును. కాని వంటలో ఉప్పు దిద్దినట్లు అది కొంచె మెక్కువ, కొంచెము తక్కువ యగుచునే యుండును. అందుచే ముందఱి సెన్సారు ఎక్కువ, తక్కువ, ఎక్కువ, తక్కువ యని యూగుచుండును. వెనుకటి సెన్సారు మాత్రము, దిమ్మ మంచిదైనచో, దాదాపు కదలక నిలిచియుండును.

ఏల? దిమ్మపూతలో ప్రాణవాయువును దాచుకొను గుణముగల వస్తువు కూడ కలిసియుండును. అది మన ధాన్యపు గాదెవంటిది. పంట ఎక్కువైననాడు గాదెలో పోయుదుము, కఱవునాడు తీయుదుము; బజారులో ధర లెంత యెగిరిపడినను ఇంటిలో అన్నము రోజును ఒక్కతీరుగనే వడ్డింపబడును. గాదె యడుగున పురుగుపట్టి కూలినపుడు ఏమగును? బజారు ఒడుదుడుకులన్నియు తిన్నగా విస్తరిలోనికి వచ్చును. అట్లే దిమ్మ చెడినపుడు వెనుకటి సెన్సారు కూడ ముందఱిదానివలె ఊగుట మొదలుపెట్టును. రెండింటి యూగులాటను పోల్చిచూచి, పోలిక హద్దు మీఱినప్పుడు కంప్యూటరు 'దిమ్మ బలము తగ్గినది' అని వ్రాసికొనును. పొగను కొలువలేదు, విషమును తూచలేదు. రెండు నాడులు పట్టి చూచి రోగము చెప్పినది. అమెరికా నియమములలో సాధారణముగా ఆ హద్దు, అనుమతించిన మురికికి ఒకటిన్నర రెట్లు అగునప్పటికి దీపము వెలుగునట్లుగా నిర్ణయింపబడినది.

పొగగొట్టము మాట యటుంచి, పెట్రోలు ట్యాంకు సంగతి వినుడు. పెట్రోలు ఊరక కూర్చున్నను ఆవిరియగును. ఆ యావిరి బయటికి పోకుండ బొగ్గు నింపిన డబ్బీలోనికి పోవును. బండి నడచునపుడు ఇంజను దానిని పీల్చి కాల్చివేయును. ఈ యేర్పాటులో ఎచ్చటనైన సందున్నచో ఆవిరి వీధిలో కలియును. సందును బండి తానే యెట్లు పట్టుకొనును? కొన్ని బండ్లు ఇంజను పీల్పుచేతను, కొన్ని చిన్న పంపుచేతను ట్యాంకులోని గాలియొత్తిడిని మార్చి, ఆ యొత్తిడి నిలుచుచున్నదా యని చూచును. మఱికొన్ని బండ్లు చేయు పని మన వంటయింటి యనుభవమే. వేడి గిన్నెపై మూత బిగించి చల్లారనిచ్చినచో మూత యంటుకొనిపోయి యూడిరాదు గదా. లోపలి గాలి చల్లబడి ముడుచుకొనుటయే కారణము. బండి నిలిపిన పిమ్మట ట్యాంకు మెల్లగా చల్లబడును. అప్పుడు లోపల అట్టి పీల్పు పుట్టినచో సందు లేదని గ్రహించును. పుట్టకున్న ఎచ్చటనో కాఱుచున్నదని అనుమానించును. ఇంటివారందఱు నిద్రించు వేళ చావడిలోని బండి తన మూత తాను పరీక్షించుకొనుచుండుట వింతయే గదా! అమెరికా నియమములు మొదట సుమారు ఒక మిల్లీమీటరు రంధ్రమును, తరువాతి నమూనాలలో దానిలో సగపు రంధ్రమును పట్టవలెననినవి. అర మిల్లీమీటరనగా సన్నసూది పొడిచినంత.

అచ్చట చెక్ ఇంజన్ దీపము వెలుగుటకు తఱచు కారణమగు చిన్న తప్పు కూడ ఇందే కలదు: పెట్రోలు పోయించుకొన్న పిమ్మట ట్యాంకు మూతను టిక్కుమని చప్పుడగు వఱకు బిగింపకపోవుట. మూత బిగించి నాలుగు దినములు నడపిన దానంతటదియే దీప మాఱిపోవచ్చును. మెకానిక్కునకు డబ్బిచ్చుటకు ముందు ఒకసారి మూతను చేతితో త్రిప్పి చూడుడు.

దీపము నిలుకడగా వెలుగుట యొకటి, మినుకు మినుకుమని కొట్టుకొనుట మఱొకటి. ఈ భేదము ప్రతి గృహిణియు నెఱుగవలెను. ఇంజనులోని సిలిండరులలో నొకదానిలో పెట్రోలు అంటుకొనక తప్పిపోయినచో ఇంజను తిరుగుడు క్షణకాలము తడబడును. ఆ తడబాటును చక్రమువద్దనున్న సెన్సారు లెక్కించుచుండును. కాలని పెట్రోలు వేడియెక్కిన దిమ్మలోనికి పోయి అచ్చట కాలును. దిమ్మ మితిమీఱి కాగి కరగిపోవచ్చును. ఆ ప్రమాదము కలిగినపుడే దీపము కొట్టుకొనును. అప్పుడు వేగము తగ్గించి, బరువు మోయింపక, వీలైనంత త్వరలో బండిని నిలుపవలెను. ఇంటికి చేఱినపిదప చూతమని నలుబది మైళ్లు నడపినచో, చిన్న ప్లగ్గుతో పోవలసిన ఖర్చు విలువగల దిమ్మమీదికి వచ్చును. నిలుకడగా వెలుగు దీపమునకు అంత తొందర లేదు. కొన్నిదినములలో చూపించిన చాలును. ఎఱ్ఱని దీపముల సంగతి వేఱు. చమురు దీపము వెలిగినచో అక్కడికక్కడ నిలుపవలసినదే.

ఒక్కనాటి దగ్గునుబట్టి క్షయ యని వైద్యుడు చెప్పడు. బండియు అంతే. చాల లోపములను మొదటి ప్రయాణమున చూచినపుడు మనసులో నుంచుకొనును; రెండవ ప్రయాణమునను అదే లోపము కనబడినచో దీపము వెలిగించును. తరువాత వరుసగా మూడు ప్రయాణములలో లోపము కనబడనిచో దీపము నార్పును. కాని మఱచిపోదు, సాధారణముగా నలుబది పర్యాయములు ఇంజను కాగి చల్లారువఱకు ఆ లోపపు గుర్తు దాని జ్ఞాపకములో నిలిచియుండును. లోపము కలిగిన క్షణమున వేగ మెంత, వేడి యెంత యనునదియు వ్రాసిపెట్టును. మన యత్తగార్ల జ్ఞాపకశక్తికి తీసిపోదని చెప్పవచ్చును.

ఈ గుర్తు ఒక యక్షరమును, నాలుగంకెలునుగా నుండును. దిమ్మ బలము తగ్గినదను దానికి పి0420 అని గుర్తు. స్టీరింగుక్రింద పదునాఱు సందులుగల సాకెట్టు నొకదానిని అమర్చియుందురు. స్కానరు అను చేతిసాధనమును దానిలో దూర్చినచో గుర్తులు కనబడును. ఇచ్చట మేము గట్టిగా చెప్పదలచినది: ఆ గుర్తు జ్వరమువంటిది, రోగము కాదు. దిమ్మకు ముందు పొగగొట్టమున చిన్న చిల్లు పడినను, వెనుకటి సెన్సారు ముసలిదైనను పి0420 రావచ్చును. గుర్తు చూచినంతనే 'దిమ్మ మార్చవలె'నను మెకానిక్కును చిల్లు చూచితివా, సెన్సారు చూచితివా యని యడుగుడు. అడిగినంతనే మర్యాద పెరుగుట మీరే చూతురు.

గుర్తులను చెఱిపివేయుట మిక్కిలి సులభము. స్కానరుపై ఒక మీట నొక్కిన చాలును. పాతబండ్లలో బ్యాటరీతీగ కొంతసేపు విప్పినను చాలును. దీప మాఱిపోవును, లోపము మాత్రము ఉన్నచోటనే యుండును. దీపమార్చి రుసుము తీసికొని పంపు పనివారు లేకపోలేదు. ఈ మోసమును ముందే యూహించి నియమములు వ్రాసినవారు ఒక ప్రతిక్రియ చేసిరి. గుర్తులు చెఱిపినపుడు, ఏ యే పరీక్షలు పూర్తియైనవను పట్టిక కూడ దానితోపాటు చెఱిగిపోవును. దిమ్మ పరీక్ష, పెట్రోలు ఆవిరి పరీక్ష, సెన్సారుల పరీక్ష మున్నగువాని కెదురుగా 'సిద్ధము కాలేదు' అని యుండును. మరల సిద్ధమగుటకు తొందరపెట్టి లాభము లేదు. నీరు కాగకమునుపే పప్పు ఉడికెనో లేదో చూడలేము. బండి రాత్రియంతయు చల్లబడి తెల్లవాఱి బయలుదేఱవలెను. ఇంజను పూర్తిగా కాగవలెను. కొంతదూరము నిలుకడవేగమున, కొంతదూరము ఆగుచు పోవలెను. పెట్రోలు ఆవిరి పరీక్షకు ట్యాంకు నిండుగా నుండరాదు, ఒట్టిగా నుండరాదు. అనేక బండ్లలో నూటికి 15 మొదలు 85 వంతుల వఱకు ఉండవలెను. దీనికంతకు కొన్నిదినములు పట్టును.

కాలిఫోర్నియాలోని తెలుగు కుటుంబములవారికి ఇది బాగుగా తెలిసిన చిక్కు. అచ్చట పాతబడిన బండ్లకు రెండేండ్లకొకసారి పొగ పరీక్ష జరుగును. 2000 నమూనా మొదలు తరువాతి పెట్రోలు బండ్లకు 2015 నుండి పొగగొట్టమున సాధనము పెట్టుట మాని, బండి తానే వ్రాసికొన్న పట్టికను చదువుచున్నారు. పరీక్షకు ముందుదినమున క్రొత్త బ్యాటరీ వేయించి, సిద్ధము కాలేదని త్రిప్పిపంపబడిన నిర్దోషులును కలరు. బ్యాటరీ మార్పించవలసియున్న పరీక్షకు రెండు వారములు ముందే మార్పించుట మంచిది.

మన దేశమునందలి పొల్యూషన్ సర్టిఫికెట్టు పరీక్ష వేఱు తీరుది. పెట్రోలు బండిని నిలిపియుంచి, పొగగొట్టములో కార్బన్ మోనాక్సైడును, కాలని యావిరులను కొలుతురు. డీజిలు బండియైన పొగ నలుపును కొలుతురు. నత్రజని ఆక్సైడులు ఈ పరీక్షలో చేఱవు. కావున దీపము వెలుగుచున్న బండికి సయితము సర్టిఫికెట్టు దొరకుట అసంభవము కాదు. సర్టిఫికెట్టు ఉన్నది గదా యని దీపమును లెక్కచేయనివారికి ఈ సంగతి తెలియజెప్పుడు. చట్టమునకు సర్టిఫికెట్టు కావలెను, ఇంటిలోని బిడ్డల యూపిరికి ఆ దీప మాఱవలెను.

ఇటీవల ఒక సోదరి తన కష్టమును మాకు వ్రాసి పంపినది. భర్త పోయినపిమ్మట బడిపంతులమ్మగా పనిచేయుచు ఇద్దఱు పిల్లలను పెంచుచున్న యామె, కూడబెట్టిన సొమ్ముతో పాతకారొకటి కొన్నది. కొన్ననాడు పలకపై దీపము లేదు, బండి నిగనిగలాడుచుండెను. అయిదవదినమున దీపము వెలిగెను. మెకానిక్కు చూచి, దిమ్మ పూర్తిగా చచ్చినదనియు, ఈ మధ్యనే ఎవరో గుర్తులు చెఱిపిరనియు చెప్పెను. అమ్మినవాడు తన కేమియు తెలియదనెను. ఆ సొమ్ము పెద్దపిల్ల కాలేజీ రుసుమునకు దాచినదట. ఆమె దుఃఖము చదివి మాకును దుఃఖము కలిగినది. అమ్మినవానిపై వ్యాజ్యము వేయుమని సలహా చెప్పుట సులభమే గాని, తెలిసియే చెఱిపెనని ఋజువు చేయుట కష్టము.

ఇట్టి యాపద తొలగుటకు బేరము కుదురకమునుపే చేయదగిన పని యొకటి కలదు. మీకు నమ్మకమైన మెకానిక్కును స్కానరుతో తీసికొనిపోయి, గుర్తులున్నవా యనియే కాక, పరీక్షల పట్టిక సిద్ధముగా నున్నదా యని కూడ చదివింపుడు. గుర్తులేవియు లేవు, పరీక్షలన్నియు పూర్తియైనవి, అన్నచో బండి చాలవఱకు నిజము పలుకుచున్నదని నమ్మవచ్చును. గుర్తులు లేవు, పరీక్షలును ఏవియు పూర్తికాలేదు, అన్నచో పలక నిన్ననే తుడిచిరని యర్థము. బ్యాటరీ మార్చుటవలన కూడ అట్లగునని ముందే చెప్పితిమి. అందుచే అమ్మువానిని దొంగ యనకుడు. 'ఒక వారము నడపుడు, మరల చూచి సొమ్మిచ్చెదము' అనుడు. నిజాయితీగలవాడు ఒప్పుకొనును. చెఱిపిన తరువాత ఎన్ని కిలోమీటర్లు నడచినదో కూడ చాల బండ్లు స్కానరుకు చెప్పును; ఆ యంకెను అడుగుట మఱువకుడు. తాళము త్రిప్పినప్పుడు దీపము వెలిగి ఆఱుచున్నదో లేదో మీ కన్నులతోనే చూడుడు. 2010 కి పూర్వపు బండియైనచో ఈ పట్టికపై ఆశ పెట్టుకొనరాదు.

బండి తన్ను తాను పరీక్షించుకొనుట గొప్పయే. అయినను ప్రశ్నపత్రము వ్రాసినవాడును, జవాబు దిద్దువాడును బండి చేసిన కంపెనీవాడే యని మఱువరాదు. 2015 సెప్టెంబరులో బయలుపడిన వోక్స్‌వాగన్ సంగతి పాఠకురాండ్రలో కొందఱికైన జ్ఞాపకముండును. ఆ కంపెనీ డీజిలు కార్లలోని కంప్యూటరు, ప్రయోగశాలలో పరీక్ష జరుగుచున్నదని పసికట్టినపుడు మాత్రము పొగను శుద్ధి చేయుచు, వీధిలో దానిని సడలించునట్లు వ్రాయబడియుండెను. వీధిలో నత్రజని ఆక్సైడులు అనుమతించిన దానికి నలుబది రెట్లవఱకు వెడలినవని అమెరికా ప్రభుత్వము ప్రకటించినది. లోకమంతట సుమారు ఒక కోటి పది లక్షల బండ్లు అట్టివని కంపెనీయే యొప్పుకొన్నది. ఆ బండ్లలోను స్వయంపరీక్ష యుండెను, దీపమును ఉండెను. కాని మోసమును బయటపెట్టినది దీపము కాదు. వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయపు పరిశోధకులు కొలుచు పరికరములను కారులోనే పెట్టుకొని, కాలిఫోర్నియా రోడ్లపై తిరిగి చూచుటవలన అనుమానము పుట్టినది. ఆ పరిశోధకులలో మనదేశమునుండి వెళ్లినవారును కలరు. ఇట్లు వీధిలో నడపుచు కొలుచు పద్ధతిని మనదేశమున కార్లకు 2023 ఏప్రిల్ నుండి నియమముగా చేసిరి. అత్తమామలయెదుట నొకతీరు, వంటయింట నొకతీరు నడచు కోడలిని గూర్చి కథలు వ్రాసిన మగవారు ఈ కారును గూర్చి యేమందురో!

స్కూటరు నడపు సోదరీమణులు తమ మాట యేమని యడుగుదురు. 2020 ఏప్రిల్ నుండి వచ్చిన స్కూటర్లు, మోటారు సైకిళ్లపైనను ఇట్టి పసుపుపచ్చని దీపము కలదు. మొదట వానిలో పరీక్షయంతయు ముఖ్యముగా తీగలు తెగినవా, సెన్సారు పలుకుచున్నదా యని చూచుటయే. కారువలె దిమ్మ బలమును పోల్చిచూచుట కాదు. 2023 ఏప్రిల్ లోను, 2025 ఏప్రిల్ లోను ద్విచక్రములకు నియమములు మఱింత కఠినమైనవి. కాబట్టి మీ స్కూటరు ఏ నెలలో తయారైనదో రిజిస్ట్రేషన్ కార్డుపై చూచి, దానికి తగినంత మాత్రమే దీపమును నమ్ముడు. ద్విచక్రమున దీపము వెలిగినప్పుడు చాల తఱచుగా వర్షపునీరు చేఱిన తీగముడియో, ఎలుక కొఱికిన తీగయో కారణమగుచుండును. మొదట అవి చూడుమని పనివానికి చెప్పుడు.

దీప మార్పించుకొనుటకు పోయినపుడు, చెఱుపకమునుపు గుర్తును ఒక చీటిపై వ్రాయించి తీసికొని, తేదీ వేసి, బండి కాగితములతో నుంచుకొనుడు. నెల తరువాత అదే గుర్తు మరల వచ్చినచో, మొదటి పనివాడు మరమ్మతు చేసెనో, ఊరక తుడిచెనో ఆ చీటియే చెప్పును.

డీజిలు బండ్లలోని మసిజల్లెడను గూర్చియు, ఊరిలోనే చిన్న చిన్న ప్రయాణములు చేయుటవలన అది పూడుకొనిపోవుటను గూర్చియు పలువురు సోదరీమణులు ప్రశ్నించియున్నారు. స్థలము చాలనందున ఆ సంగతి రాబోవు సంచికలో వ్రాసెదము.